నా చేతిరాత కింద నీ సంతకం

నాయనా,

నువ్వు పోయి ఏడు నెలలైంది. ఎలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు. ఊపిరి ఆడుతోందా అని మాత్రం అడగాలనిపిస్తుంది... అలవాటు.

అమ్మ బాగానే ఉంది. పొద్దున్నే లేచి రెండు గ్లాసుల టీ పెడుతుంది. రెండోది కాసేపు అలాగే ఉంచి, చల్లారాక తనే తాగుతుంది.

నేను ఇంకా నంద్యాలలోనే ఉన్నాను. స్కూలు లైబ్రరీలో అదే పని. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్లగడ్డకు వస్తాను. ఊళ్లోకి రాగానే రోడ్డు పక్క శిల్పాలు చెక్కే షెడ్లలోంచి ఉలుల చప్పుడు వినిపిస్తుంది. అన్ని చప్పుళ్లలో నీది లేదని నాకెలా తెలుస్తుంది? అయినా తెలుస్తుంది.

నీకు ఒక సంగతి చెప్పాలి. అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నువ్వు పోయిన రెండో నెలలో నీ బ్యాంకు ఖాతా సంగతి చూడటానికి సెలవు పెట్టి వచ్చాను. పాస్‌బుక్కులో అన్నీ ముద్రించి ఇచ్చారు. ఇంటికి తెచ్చి, ఏ పుస్తకమైనా చదివినట్టే మొదటి పేజీ నుంచి చదివాను. ప్రతి నెలా ఒకే వరుస. ప్రమాద బీమా అని ఒక కోత. ఖాతా తెరిచిన నాటి నుంచి, తొమ్మిదేళ్లుగా.

మనింట్లో బీమా కాగితం ఒక్కటీ లేదు. అమ్మ ట్రంకుపెట్టె అడుగు దాకా వెతికాం.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట నువ్వు ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చావు. "ఏందీ పాపా ఇది, నెలనెలా మొత్తుకుంటాండాది?" అన్నావు. ఇంగ్లీషు మెసేజీ. బ్యాంకువాళ్లు ఏదో కోస్తున్నారు, పోయి అడుగు అన్నాను. నన్నూ రమ్మన్నావు. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. నువ్వు నవ్వావు. "పుస్తకంలో అయితే రాజులతోనే యుద్ధాలు చేస్తాంటావు. బ్యాంకులో కూకున్న ఒక్క మనిషిని సూస్తే పిల్లి మాదిరి నా ఎనక నక్కుతావు" అన్నావు.

ఒక్కడివే వెళ్లావు. కనురెప్పల మీద రాతిపొడి కూడా తుడుచుకోలేదు. తిరిగొచ్చి, "అడిగినా లే. అంతా సరిగ్గానే ఉండాదంట. నువ్వు సదువుకో" అన్నావు.

నేను చదువుకున్నాను.

ఈసారి నువ్వు లేవు కాబట్టి నేనే వెళ్లాను. ఫిర్యాదు కాగితం మీద రాసుకెళ్లాను. ఎదురుగా నిలబడి మాట్లాడలేనని. మా నాయన అడగని బీమాకు డబ్బు ఎందుకు తీశారు, ఆయన ఒప్పుకున్నట్టు సంతకం ఎక్కడుంది, దాని నకలు ఇవ్వండి అని రాశాను. ఒక ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ముద్ర అడగడానికి పావుగంట నిలబడ్డాను.

ఎవరో నీ సంతకం దొంగతనంగా పెట్టి ఉంటారనుకున్నాను. అలా ఉండాలనే కోరుకున్నాను.

వారం తర్వాత నకలు ఇచ్చారు. అది నా చేతిరాత, నాయనా.

నీకు గుర్తుందా? కూలి డబ్బు బ్యాంకులో వేస్తామని షెడ్డు యజమాని అంటే ఖాతా తెరిచావు. నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం తెచ్చి నా ముందు పెట్టావు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. వంటింటి గడప మీద కూర్చుని నీలిరంగు పెన్నుతో నింపాను. ఒక్క కొట్టివేత లేదు. ఏ గడినీ ఖాళీగా వదలకూడదని కాన్వెంటులో సిస్టర్ రోజూ చెప్పేవారు. పరీక్ష కాగితమైనా, దరఖాస్తు అయినా సరే. గడి కనిపించిన ప్రతిచోటా టిక్కు పెట్టాను. బీమా కావాలా అన్న చోట కూడా. నెలనెలా ఖాతాలోంచి తీసుకోవచ్చా అన్న చోట కూడా. అన్నీ ఒకే కొలత టిక్కులు... చక్కగా.

కింద నీ సంతకం. రాతి మీద చెక్కినట్టు గట్టిగా నొక్కి రాసేవాడివి. నకలులో కూడా ఆ అక్షరాలు నల్లగా, లోతుగా ఉన్నాయి.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. బ్యాంకు అటెండరు మస్తానయ్య వచ్చి మంచినీళ్లు ఇచ్చాడు. నువ్వు వచ్చిన రోజు ఆయనే ఆ ఫారం వెతికి తీశాడట. నువ్వు దాన్ని చాలాసేపు పట్టుకుని చూశావట. ఆపేయాలంటే ఆపేస్తామని సారు చెప్పాడట. అప్పుడు నువ్వన్న మాట ఆయన నీలాగే అని చూపించాడు.

"ఇది మా పాప రాసింది సార్. ఊరికే రాయదు, సదువుకున్న పిల్ల. ఏదో మంచికే రాసుంటాది. ఉండనీండి."

నిజంగా నమ్మి అన్నావా? తప్పని తెలిసి, నాకు తెలిస్తే కుమిలిపోతానని అన్నావా? ఇంటికొచ్చాక నా ముఖం చూసి ఏమనుకున్నావు?

ఒక్కసారి తిట్టి ఉండాల్సింది నాయనా.

ఆ రోజు బస్సులో నంద్యాల దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఊపిరి అందనప్పుడు నువ్వు పీల్చే మందు డబ్బా గుర్తొచ్చింది. నెలకొకటి కావాలని డాక్టరు రాస్తే నువ్వు రెండు నెలలు సర్దేవాడివి. అడిగితే డబ్బాను చెవి దగ్గర ఆడించి, "ఇంకా ఉండాది లే" అనేవాడివి. ఆ డబ్బా ధర, బ్యాంకు నెలనెలా కోసిన డబ్బు ఇంచుమించు ఒకటే. ఇది అమ్మకు చెప్పలేదు. చెప్పను.

ఫిర్యాదు వెనక్కి తీసుకుందామనుకున్నాను. తప్పు నాదైతే ఎవరిని అడగాలి? సంతకం ఉంది కాబట్టి ఏమీ చేయలేమని బ్యాంకు నుంచి జవాబు కూడా వచ్చింది.

కానీ నువ్వు షెడ్డుకు రాయి ఎంచేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకునేవాడివి కదా. సుత్తితో చిన్నగా తట్టి, చెవి పెట్టేవాడివి. "పైన సూస్తే అన్నీ ఒకటే మాదిరుంటాయి పాపా. తట్టి ఇనల్ల. గంట మాదిరి మోగితేనే తీసుకోవల్ల" అనేవాడివి. ఆ ఫారాన్ని నేను తట్టి వినలేదు. నిజమే. మరి బ్యాంకువాళ్లు నీకు వినిపించారా? ఖాతాకు పెట్టిన ఒక్క సంతకాన్ని బీమాకు కూడా వాడుకున్నారు. అదేమిటో నీ భాషలో ఒక్క ముక్క చెప్పలేదు. తొమ్మిదేళ్లలో ఒక్క కాగితమూ ఇంటికి పంపలేదు.

బ్యాంకు జవాబు నచ్చకపోతే, లేదా నెల దాటినా జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చని చదివాను. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చుని రాశాను. చేతిరాత సంగతి దాచిపెట్టవచ్చు. దాచలేదు.

"ఆ టిక్కులు పెట్టింది నేను. అప్పటికి నాకు పదిహేనేళ్లు. వాటి అర్థం మా నాయనకు ఎవరూ చదివి చెప్పలేదు. నేను కూడా."

చివరి రెండు మాటలు రాయడానికి చాలాసేపు పట్టింది.

పోయిన నెల బ్యాంకు ఒప్పుకుంది. తీసుకున్నదంతా తిరిగి ఇస్తామని ఉత్తరం పంపారు. నువ్వుంటే మా పాప గెలిచిందని షెడ్డంతా చెప్పి వచ్చేవాడివి. నాకు మాత్రం ఆ ఉత్తరం చేతిలో పట్టుకుంటే మందు డబ్బా చప్పుడే వినిపించింది.

డబ్బు వేయడానికి అమ్మ పేరున ఖాతా తెరవాలన్నారు. మళ్లీ ఫారం. అవే నాలుగు పేజీలు.

కౌంటరు దగ్గరే నిలబడి ఒక్కో వరుసా తెలుగులో అమ్మకు చదివి చెప్పాను. పైకే, అందరికీ వినపడేలా. వెనక వరుసలో వాళ్లు విసుక్కున్నారు. అయినా ఆపలేదు. అమ్మ ప్రతిదానికీ ఆలోచించి తల ఊపింది. బీమా గడి దగ్గర అడ్డంగా ఊపింది. దాని కింది గడికీ అంతే. ఆ రెండూ ఖాళీగా వదిలేశాను. ఏదో మర్చిపోయావని కౌంటరులో ఆయన వేలు పెట్టి చూపించాడు. మర్చిపోలేదని చెప్పాను.

సంతకం పెట్టే ముందు అమ్మ కాగితం చూడలేదు. నా ముఖం చూసింది. ఆ రోజు గడప దగ్గర నువ్వు చూసినట్టే...

ఊరికే రాయదని అన్నావు కదా నాయనా. ఆ ఫారం రాసిన తొమ్మిదేళ్లకు గానీ ఆ మాట నిజం కాలేదు. ఇక అబద్ధం కానివ్వను.

నీ
పాప