భజన పాటల ఫోల్డరు

2007 జూలై, గురువారం. ముంచింగిపుట్టు.

మా కాఫీ రైతుల సంఘం కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రోగ్రాం, ప్యాకేజీ మేనేజరు, ఈరోజూ సగం ఎక్కించి ఆగిపోయింది. ఆపరేటరు చిలకమ్మ తెరమీద చివరి వరుస చదివి, సంఘం లెక్కలు రాసే నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది.

"డిస్కు నిండిపోనాదమ్మగోరూ. మీరెక్కించిన భజన పాటలు కొన్ని తీసీమంటారా?"

"దేవుడి పాటలు తీయకూడదమ్మా, పాపం," అన్నాను.

సాయంత్రం సెక్రటరీ గారు వచ్చి, సాఫ్ట్‌వేర్ ఎక్కలేదని చూసి చిలకమ్మ మీద మండిపడ్డారు. "దుంపలు తవ్వుకునే గుంటపిల్లకి కంప్యూటరెందుకు? రేపట్నించి రాకు," అన్నారు. చిలకమ్మ నా వైపు చూసింది, కానీ నా పేరు చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఆ పిల్ల వెళ్లాక పాటలన్నీ నేనే తీసేశాను. సాఫ్ట్‌వేర్ ఒక్కసారికే ఎక్కింది.

"పెద్దోరి సెయ్యి పడితే అలాగుంటాది," అన్నారు సెక్రటరీ గారు నన్ను మెచ్చుకుంటూ. నేను కాదనలేదు.

సంతలో ఎదురుపడితే చిలకమ్మ ఏమీ జరగనట్టు నాకు నమస్కారమే పెడుతుంది. నా భయమంతా అదే.