నెత్తళ్ల పులుసు తప్పేం లేదటండీ

ఏమండీ,

మీరు వెళ్లిపోయి పదకొండు నెలలైంది. ఫొటో ముందు రోజూ దీపం పెడుతున్నాను గానీ, మీ మొహంలోకి సూటిగా చూసింది ఇవాళే. ఎందుకో చెబుతాను, వినండి.

ఆ రోజు అన్నం తిని పీట మీద నుంచి లేచారు. కళ్లు తిరిగాయి. తల గుమ్మానికి కొట్టుకుంది... నాలుగో రోజుకి మీరు లేరు.

మీ మోకాళ్ల నొప్పులకని డాక్టరు ఇచ్చిన కాల్షియం బిళ్లలు మాన్పించింది నేనేగా? "కడుపు గట్టిపడుతోందే" అని మీరు గోల పెడితే, బిళ్లలు పక్కన పడేసి వారానికి మూడుసార్లు నెత్తళ్ల పులుసు పెట్టాను. ముళ్లతో సహా నమిలే చేప కదా, బిళ్లలో ఉన్నది ఇందులోనూ ఉంటుందని నా డాక్టరీ! మీరేమో "ముప్పై ఏళ్లు చేపలమ్మినవాడికి బిళ్లలేంటే!" అని మురిసిపోయి ఇంకో గరిటె వేయించుకున్నారు.

మీరు పోయాక ఒకటే మాట తలలో తిరిగేది. కాల్షియం చాలకే మీరు తూలారని, నా మొండితనమే మిమ్మల్ని పడేసిందని... మళ్లీ ఇంట్లోకి నెత్తళ్లు రానివ్వలేదు. అమ్మాయి అడిగితే వాసన పడటం లేదన్నాను. చేపల ఇంట పుట్టినదానికి వాసన పడకపోవడమేమిటి? ఎలా నమ్మిందో...

పోయిన వారం మంచం దిగగానే నాకూ కళ్లు బైర్లు కమ్మాయి. అమ్మాయి గవర్నర్‌పేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. సంచిలో మీ ఆసుపత్రి ఫైలు కూడా పెట్టుకున్నాను. ఆవిడ నన్ను పడుకోబెట్టి ఓసారి, నిలబెట్టి ఓసారి బీపీ చూశారు. నిలబడగానే బాగా తగ్గిపోయిందట. లేవగానే రక్తం కాళ్లలోకి దిగుతుందట. అప్పుడు కొన్ని నరాలు రక్తనాళాలను బిగించాలట. నరం కొసలోకి రవ్వంత కాల్షియం వచ్చి, పని కాగానే వెళ్లిపోతేనే ఆ కబురు సరిగ్గా అందుతుందట. వయసు మీదపడితే ఆ రాకపోకలు మునుపటిలా ఉండవట.

కాల్షియం అనగానే నా తప్పే గుర్తొచ్చింది. బిళ్లల సంగతంతా కక్కేశాను, అమ్మాయి ముందే. ఆవిడ మీ ఫైలు తిరగేశారు. చివరి పరీక్షలో కూడా మీ రక్తంలో కాల్షియం సరిగ్గానే ఉందట. మీరు తూలిందీ నాలాగే లేవగానే బీపీ పడిపోయే అయి ఉంటుందట. నరం లోపలి వ్యవహారం వేరట, బిళ్లలు మింగినంత మాత్రాన బాగుపడేది కాదట. వయసు చేసిన పనిని నేనెందుకు నెత్తిన వేసుకోవడమని కోప్పడ్డారు.

బెంజ్ సర్కిల్ దాటేదాకా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను. అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. ఎంత తేలిగ్గా ఉందోనండీ! మీరుండగానే ఆవిడ దగ్గరికి వెళ్లి ఉంటే... ఏమో.

నేను చకచకా లేస్తుంటే "ఎక్కడికే ఆ పరుగు, కాస్త ఆగి లే" అనేవారు గుర్తుందా? డాక్టరమ్మ నాకు చెప్పిన మొదటి జాగ్రత్త అచ్చం అదే. ఆ మాట మీరూ పాటించి ఉంటే ఏం పోయేదండీ?

ఇవాళ నెత్తళ్లు తెచ్చాను. పులుసు ఉడుకుతోంది. మీ ఫొటో ముందు ఒక గరిటె ఎక్కువే పెడతాను... అయ్యో, అడుగంటుతున్న వాసన! వెళ్లి స్టవ్ కట్టేయాలి.

మెల్లగానే లేస్తానులెండి.

మీ
రత్నం