పొయ్యికి కాదు, చేతికి

చిరంజీవి బుజ్జికి, పెద్దక్క ఆశీస్సులు.

నువ్వు పంపిన కరెంటు పొయ్యి నిన్న పొద్దున మొదలుపెట్టాను. ముందు కిటికీ తెరిచాను. గట్టు తుడిచాను. మీ చిన్నక్క ఇంకా ముసుగుతన్ని పడుకునే ఉంది. పాలగిన్నె పెట్టి మీట తిప్పాను. నల్లద్దం కింద ఎర్రగా వెలిగింది. మంట లేదు. పొగ లేదు. చప్పుడు లేదు. ప్రార్థన గదిలో ఉన్నట్టే ఉంది.

పాలు పొంగాక దించి, పొయ్యి ఆపాను. మూలనున్న చిన్న ఎర్రదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. దీపం కదా అని అద్దానికి చెయ్యి ఆనించి కళ్ళకద్దుకోబోయాను.

ఇప్పుడు మంట ఉంది.

ఉంటాను,
పెద్దక్క

తా.క. (వెనకవైపు): చేతికి.

*

పెద్దక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి పొయ్యి కొన్న దుకాణానికి పరిగెత్తాను. కరెంటు పొయ్యికి మంట రావడమేమిటే! ఫోన్ చేస్తే ఎత్తవు. ప్రార్థనకి అడ్డమని బీరువాలో పెట్టేస్తావుగా. దుకాణం వాణ్ణి గంటసేపు దులిపాను. వాడు అమాయకుడిలా మొహం పెట్టాడు.

బీమా ఏజెంటుగా చెబుతున్నా, విను. మంట వస్తే మెయిన్ ఆపు. నీళ్ళు పొయ్యకు. అడుగు సమంగా ఉన్న గిన్నెలే వాడు. గిన్నె కాడ లోపలికి తిప్పు. మసిగుడ్డ దూరంగా పెట్టు. అన్నిటికన్నా ముఖ్యం, పొయ్యి ఆపినా అద్దం కాలుతూనే ఉంటుంది. ఆ దీపం ఆరేదాకా ముట్టుకోకు. మా ఇంట్లోనూ అదే పొయ్యి. నాకు ఇంతవరకూ చురక కూడా తగల్లేదు. నేను వంటింట్లోకి వెళ్ళననుకో.

నీ తమ్ముడు,
బుజ్జి

తా.క.: మీ మరదలు ఇప్పుడే కాగితం తిప్పి చూసింది. వెనక "చేతికి" అని ఉందట. ఏం చేతికొచ్చింది?

*

చిరంజీవి బుజ్జికి ఆశీస్సులు.

మంట చేతికి. పొయ్యికి కాదు. దుకాణం అబ్బాయికి క్షమించమని చెప్పు.

చన్నీళ్ళ ధార కింద పెట్టుకున్నాను. తగ్గింది. నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. కిరసనాయిలు పొగ పోయాక నా దగ్గు కూడా పోయింది. ప్రార్థన మధ్యలో ఆగకుండా సాగి ఎన్నాళ్ళయిందో. నీ చలవే.

ఒక్క మాట. దీపం ఆరింది అనకూడదు. కొండెక్కింది అనాలి. అమ్మ ఎన్నిసార్లు మొట్టికాయ వేసింది నీకు!

ఇవాళ పొయ్యి కొండెక్కాక శుభ్రంగా తుడిచాను.

ఉంటాను,
పెద్దక్క

తా.క.: అడుగు గుండ్రంగా ఉందని మూకుడు అటకెక్కించాను.

*

పెద్దక్కకి నమస్కారాలు.

కొండెక్కడమంటే ఆరిపోవడమని నువ్వే చెప్పావు. అంటే పొయ్యి చచ్చింది! మూకుడేమో అటకెక్కింది. మరి మీరిద్దరూ ఏం తింటున్నారే? గాలా?

ఆదివారం వస్తున్నాం. ఆ పొయ్యి పట్టుకొచ్చి దుకాణం వాడి మొహాన కొడతాను. నువ్వూ చిన్నక్కా మా ఇంటికి వచ్చెయ్యండి. ఇక నీకు వంటింటి గొడవే ఉండదు. కాదన్నావో, నా మీద ఒట్టే.

నీ తమ్ముడు,
బుజ్జి

తా.క.: "వదినగారికి వంటిల్లు లేకపోతే ఎలా తోస్తుంది, ఒక్కసారి అడిగారా?" అంటోంది మీ మరదలు. నేను కవరు అంటించేస్తున్నాను.

*

చిరంజీవి బుజ్జికి ఆశీస్సులు.

క్షేమంగా చేరావా? చెయ్యి ఎలా ఉంది?

నిన్న నువ్వూ మరదలూ వచ్చేసరికి పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. కళ్ళారా చూశావు. అయినా ఒట్టు వేశానని పంతం పట్టావు. భోజనాలయ్యాక రాత్రికి చారు కాచి దించి, నేను ప్రార్థనకి కూర్చున్నాను. ఆవిరికి నీ కళ్ళజోడు మసకబారింది. "అక్కా, దీపం ఉందా, ఆరిందా?" అని అరిచావు. ప్రార్థనలో మాట్లాడనుగా. ఆ మాట అనొద్దని తల అడ్డంగా ఊపాను. దీపం లేదన్నాననుకున్నావు. పొయ్యి ఎత్తబోయి అద్దం మీద అరచెయ్యి ఆనించావు.

నీ కేకకి ప్రార్థన ఆగింది. అదొక్కటే నా బాధ.

సాయంత్రం నువ్వు చెయ్యి బకెట్లో పెట్టుకుని పెరట్లో కూర్చున్నప్పుడు లోపల మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. అప్పుడే చెబితే బకెట్ తన్నేస్తావని చెప్పలేదు. పొయ్యి ఇక్కడే ఉంటుంది. నేనూ, చిన్నక్కా ఇక్కడే ఉంటాం. రెండు రోజులుండి వస్తానన్న మరదలు నెలంతా ఇక్కడే ఉంటుంది. అక్కడ వంట నీదే. కాలింది ఎడమ చెయ్యేగా.

నువ్వు రాసిన జాగ్రత్తలు మరదలు ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసింది. ఇందులో పెట్టాను. పొయ్యి పక్కన గోడకి అంటించుకో.

ఉంటాను,
పెద్దక్క

తా.క.: మంట తగ్గిందా? చేతిదే అడుగుతున్నాను.