రెండు పాదాల నడుమ

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఫ్యాక్టరీ క్వార్టర్ల సెక్టార్ హాల్లో సభ పెట్టి, నీ కవిత నన్ను చదవమన్నారు. ఉన్నవి రెండే పాదాలు. వాటి మధ్య సగం పేజీ ఖాళీ. అక్కడ ఎంతసేపు ఆగాలో నువ్వెవరికీ చెప్పలేదు.

“షిఫ్టు దిగే సైరన్” అని చదివి ఆగాను.

“మర్చిపోనావేటమ్మా?” అన్నారు అధ్యక్షులు.

మైకతను పరిగెత్తుకొచ్చాడు. “దీదీ, మైకు బంద్ అయిపోనాదేటి?”

తట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వెనక ఎవరో నవ్వారు. నీ కవితను నేనే పాడుచేస్తున్నానేమో అనిపించింది. అయినా పెదవి కదపలేదు.

నవ్వులు ఆగాయి. ముందు వరసలో అమ్మ మెల్లగా గుమ్మం వైపు తల తిప్పింది.

అప్పుడు చదివాను: “నాన్న చెప్పుల చప్పుడు.”