వరసలో పట్టని ‘ట’

చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, రెండు కుర్చీలూ. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు నిలదీస్తుంది. వంట చేసుకుంటున్నావా అన్నావు. చేసుకుంటున్నాను. వదిన పోయి మూడేళ్లయినా నా చేతికి ఇద్దరి కొలతే వస్తోంది. మిగిలింది రెండో పూట తింటాను.

ఆఫీసులో ఒకప్పుడు తొమ్మిదిమందిమి పోట్లాడుకుంటూ వార్తలు తర్జుమా చేసేవాళ్లం. ఇప్పుడు డెస్కులో నేనూ, ఇంకొకతనూ మిగిలాం. అతను చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చుంటాడు. ఏమడిగినా బొటనవేలు చూపిస్తాడు.

ఇక నీ అసలు ప్రశ్న. ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవ మీద ఫోను గ్రూపులో వాదన జరిగిందనీ, ‘అక్షరసాక్షి’ అనేవాడెవడో నూట నలభైమంది ముందు నిన్ను అబద్ధాలకోరు అన్నాడనీ, నువ్వు గ్రూపులోంచి వచ్చేశావనీ రాశావు. “బాంబు పడ్డ ఆ మేడని ముందే ఖాళీ చేశారని మీ పేపర్లోనే చదివానన్నయ్యా, అది నిజమేనా?” అన్నావు.

తెలియదమ్మా. వార్తా ఏజెన్సీ పంపిన ఇంగ్లిషు కాపీలో ఉన్నదల్లా, ఖాళీ చేశారని పక్కవీధివాడొకడు చెప్పాడని మాత్రమే. తర్జుమా చేసింది నేనే. పేజీలో ఆ వార్తకిచ్చిన బాక్సులో చోటు చాలక ‘ఖాళీ చేశారట’ అని కుదించాను. చివరి ‘ట’ ఒక్కటీ కొత్త వరసలోకి జారింది. ఒక్క అక్షరానికి ఇంకో వరసేమిటని కొట్టేశాను. ‘ఖాళీ చేశారు’ అయింది. ఎవరో అన్న మాట కాస్తా మా పేపరు చూసొచ్చిన మాటైపోయింది. ఆ పూట నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఇంతసేపూ మోకాలి చుట్టూ తిరిగింది అందుకే. ఆ అక్షరసాక్షిని నేనే.

మొదటిరోజు ‘పాలపిట్ట’ పేరుతో రాస్తున్నది నువ్వేనని నాకు తెలియదు, ఒట్టు. ఆధారమేదని నిలదీశాను. రెండోరోజు నువ్వు రాశావు: “అది మా అన్నయ్య పనిచేసే పేపరండీ. ఆయన కామా పెట్టాలన్నా పదిసార్లు ఆలోచిస్తారు.” అప్పుడు తెలిసింది. అక్కడే ఆగాలి. ఆగకుండా, “మీ అన్నయ్య అంత గొప్పవాడా?” అని గిల్లాను. నువ్వు రెచ్చిపోయి నా గురించి ఇంకా రాశావు. మళ్లీ గిల్లాను. కంచంలో భోజనం చల్లారిపోతున్నా ఫోను పట్టుకునే కూర్చున్నాను. నాలుగు రోజులు నాతో ఒక మనిషి మాట్లాడింది, అదీ నన్ను వెనకేసుకొస్తూ. చివరికి గెలవాలన్న పిచ్చి పట్టి ఆ ఇంగ్లిషు కాపీ తీసి అందరి ముందూ పడేశాను. అబద్ధాలకోరు అన్న ఆ మాటా అనేశాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. నువ్వు వెళ్లిపోయావు. నూట ముప్పై తొమ్మిదిమంది మిగిలారు, ఒక్కరితోనూ మాట్లాడాలనిపించలేదు.

ఆ మేడలో ఆ రోజు నిజంగా ఎవరైనా ఉన్నారా అని ఆ నాలుగు రోజుల్లో నేనొక్కసారీ అనుకోలేదు. దానికి ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఈ ఉదయం ఎడిటరుగారికి అంతా చెప్పాను. “ఒక్క అక్షరానికి సవరణేంటండీ, జనం నవ్విపోతారు” అన్నారు. నేను ఆయన ముందునుంచి లేవలేదు. రేపు మూడో పేజీలో వేస్తామన్నారు. గ్రూపులో కూడా ఆ అక్షరం తీసేసింది నేనేననీ, పాలపిట్ట నా చెల్లెలనీ, తను చదివిందే చెప్పిందనీ రాశాను. కొందరు తిట్టారు, కొందరు నన్ను తీసేయమన్నారు. తీసేశారు.

నువ్వు కూడా తీసేస్తావేమోనని భయంగా ఉంది. నీకెంత కోపం వస్తే అంత తిట్టు, ఎన్ని పేజీలైనా సరే. కానీ “అన్నయ్యా” అని మొదలుపెట్టి తిట్టు. నాలుగు రోజులు నన్ను “అండీ” అన్నావు. ఇంకోసారి వినలేను.

ఇట్లు,
నీ అన్నయ్య