తాళాల బావ మోకాలు

సెలూన్ నుంచి,
గురువారం, ఇంకా షట్టర్ పైకెత్తకముందు.

మా కత్తెరకు,

నీ దువ్వెన రాయునది. ఇక్కడ నేను, రెండు కుర్చీలు, మూడు అద్దాలు అందరం క్షేమం. అక్కడ నువ్వు, అమ్మాయి, అల్లుడు, నెల కూడా నిండని మన మహారాణిగారు క్షేమమేనని తలుస్తాను. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని ఈపాటికి నొసలు ముడిచి ఉంటావు. ఫోన్ చేస్తే మహారాణి లేస్తుంది, ఆవిడ లేస్తే నువ్వు నన్ను తిడతావు. ఉత్తరానికైతే చప్పుడుండదు కదా!

వేళకి తింటున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను. వెళ్ళేముందు సీసాలన్నిటికీ చీటీలు అంటించావు చూడు, ఉప్పు సీసాకి చక్కెర అని అంటించావు తల్లీ. నేనెలాగూ చక్కెర వేసుకోను కాబట్టి నాకు తెలియలేదు. పక్క కొట్టు తాళాల బావ వస్తే, అలవాటు ప్రకారం రెండు చెంచాలు వేసి టీ ఇచ్చాను. ఆయన మొహం చూడాల్సింది! పాపం, మర్యాదకి సగం తాగాడు కూడా.

ఇంతకీ నేను రాయాలనుకున్నది ఆ బావ గురించే. ఆయన మోకాలికి ఇంజెక్షన్ చేయించుకున్నాడు. కంగారు పడకు. ఆయన మోకాలికి నువ్వెందుకు కంగారు పడతావులే, అయినా ముందే చెప్పి ఉంచుతున్నాను.

రోజంతా నిలబడి నిలబడి పాపం ఆయన కుడి మోకాలు అరిగిపోయింది. వాళ్ళావిడేమో, నేను పక్కన లేకుండా ఆ సూది జోలికి వెళ్ళావో చూడు అని వేలు చూపించి మరీ చెప్పిందట. మీ ఆడవాళ్ళంతా ఒకే బళ్ళో చదువుకున్నారేమో! అయినా మగాడికి వద్దన్న పని చేస్తే గానీ అన్నం అరగదు. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. షుగరుందా అని డాక్టరు అడిగితే, కొంచెం ఉందండీ అన్నాడట. కొంచెమేమిటయ్యా, నేను అడుగుతున్నది టీ సంగతి కాదు అని డాక్టరు కళ్ళజోడు కిందికి దించి చూశాడట. పరీక్ష చేసి, వారం రోజులు షుగరు పెరగొచ్చు, రోజూ చూసుకో అని చెప్పి మరీ వేశాడు. చీమ కుట్టినట్టు కూడా లేదట. ఆ సాయంత్రం బావ వీధి ఈ చివర నుంచి ఆ చివరకి దొరలా నడిచాడు.

తెల్లారేసరికి మోకాలు గుమ్మడికాయంత అయింది. ముట్టుకుంటే కాలిపోతోంది, అడుగు కింద పెడితే పట్టపగలే చుక్కలు. ఆ ఒక్కరోజు మాత్రం నిజంగా భయమేసిందే. చీము పట్టిందేమో, కాలు తీసేస్తారేమో, పెళ్ళాం మాట వినకపోతినే అని మంచం మీద పడి ఫ్యాను రెక్కలు చూస్తూ ఉండిపోయాడట. ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన నొక్కి చూసి, జ్వరం చూసి, భయం లేదన్నాడు. కొందరి మోకాలికి ఆ మందు ఇలా ఎదురు తిరుగుతుందట, రెండు మూడు రోజుల్లో అదే సర్దుకుంటుందట. గుడ్డలో ఐసు చుట్టి పెట్టుకో, కాలు కదపకు, జ్వరమొచ్చినా నొప్పి పెరిగినా క్షణం ఆగకుండా వచ్చెయ్ అన్నాడు. జ్వరం రాలేదు. వాపు తీసింది.

వాపు దిగిందనుకుంటే ఎరుపు పైకెక్కింది! బుగ్గలు రెండూ కొత్త పెళ్ళికొడుకులా ఎర్రబడ్డాయి. ఇదీ ఆ మందు చలవేనట, నాలుగు రోజులుండి పోతుందట. కానీ చూసేవాళ్ళు ఊరుకుంటారా? లెక్కల మాస్టారు నురుగు మొహంతోనే అద్దంలోంచి తేరిపార చూసి, ఏం క్రీము రాస్తున్నావయ్యా, దాచుకోకుండా నాకూ కాస్త పులుము అన్నాడట. బావ సిగ్గుతో ఇంకా ఎర్రబడ్డాడు. షుగరు మాత్రం మూడొందలు దాటి కూర్చుంది. డాక్టరు చీవాట్లు పెట్టి మాత్రలు మార్చాడు. నిన్న చూపిస్తే దిగొచ్చింది.

ఇప్పటికి పదిహేను రోజులు. లేచినప్పుడల్లా అబ్బా అనడం మానేశాడు. అరిగిందాన్ని అతికే మందు కాదయ్యా ఇది, నొప్పిని కొన్నాళ్ళు పడుకోబెడుతుందంతే అని డాక్టరు ముందే చెప్పాడనుకో. ఆ కొన్నాళ్ళే చాలునట బావకి.

ఇక మన సంగతి. అమ్మాయి వాళ్ళింటికి నాలుగంతస్తులు, లిఫ్టు లేదు, ఆ మోకాలితో మీరు రావద్దు, మూడో నెల వచ్చాక మేమే పాపని తీసుకొస్తాం అన్నావు. నేను సరే అన్నాను కదా. మూడో నెలంటే ఎంతసేపు. ఫొటోలో చూశాను, ముక్కు నాదే, ఎవరు కాదన్నా ఒప్పుకోను. ఉత్తినే అడుగుతున్నాను, ఆ మెట్లకి పట్టుకునే కడ్డీ కుడివైపుందా, ఎడమవైపుందా? తాళాల బావ అడగమన్నాడు. ఆయనకి ఇనప సామానంటే ఆసక్తి.

తొలి గిరాకీ వచ్చేశాడు, ఉంటాను. మహారాణి అరికాళ్ళకి నా ముద్దులు.

నీ
దువ్వెన

తా.క.: చెల్లెమ్మా, ఇది రాస్తున్నది తాళాల బావని. జిగురు నా కొట్లోనే ఉందని, కవరు అంటించి పోస్టులో వెయ్యమని మీ ఆయన నా చేతికిచ్చాడు. చదవకూడదు గానీ, చదివేశాను. నా మోకాళ్ళు రెండూ గుండ్రాళ్ళమ్మా. నేను రోజంతా స్టూలు మీద కూర్చుని ఆకురాయితో తాళంచెవులు రాకేవాణ్ణి, నిలబడేదెక్కడ? నాకు షుగరు టీలో తప్ప ఎక్కడా లేదు, మీ ఇంట్లో అదీ దక్కలేదు. తాళాల కొట్లో నురుగు మొహంతో ఎవడైనా కూర్చుంటాడా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని విన్నాం గానీ, మా బావ ఏకంగా ఉత్తరమే రాశాడు.

ఫోనైతే గొంతులోనే దొరికిపోతాడని ఈ తిప్పలు. తిట్టాల్సినంత తిట్టు, కానీ పిల్లని, పాపని వదిలి పరిగెత్తుకు రాకు. వాచిన రోజు ఆటోలో తీసుకెళ్ళింది నేనే. ఇప్పుడు బాగున్నాడు, మెల్లగా మెట్లెక్కొచ్చని డాక్టరు అనగా నా చెవులతో విన్నాను. నిన్నటి షుగరు చీటీ కూడా ఇందులో పెడుతున్నాను.

కడ్డీ ఏ వైపుందో మాత్రం మరిచిపోకుండా రాయి. రోజూ సాయంత్రం మన కొట్లున్న కాంప్లెక్సు మెట్లు నాలుగో అంతస్తు దాకా ఎక్కుతున్నాడు, ఒకరోజు కుడిచేత్తో కడ్డీ పట్టుకుని, ఒకరోజు ఎడమచేత్తో. ఖాళీగా ఉన్న రెండో చేతిలో సెలూన్ తువ్వాలు మడిచి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుంటున్నాడు.