ఒకే ఇంటిపేరు మాటలు

చిరంజీవి అమ్మాయికి అమ్మ దీవెనలు. ఇక్కడ వంటింటి కుళాయి తప్ప అందరం క్షేమం. అది కూడా నిన్న బాగైంది. నాన్న చేతుల మీదుగా కాదు, ప్లంబరు చేతుల మీదుగా.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. మందులు వేళకే వేసుకుంటున్నాను. నీ ఆకుపచ్చ స్వెట్టరు పై అరలోనే ఉంది, పంపిస్తాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. సాయంత్రం ఇంగ్లీషు క్లాసు మూడో అంతస్తులో కాబట్టి మెట్లకు అలవాటు పడ్డాయి. "అన్ని మెట్లెక్కి ఆ క్లాసు అవసరమా అమ్మా" అన్నావు. దానికి జవాబు కింద రాస్తాను.

ముందు నా పద్ధతి విను. మాస్టారు చెప్పిన మాటలు ఏ రోజువి ఆ రోజు రాసుకుంటే మర్నాటికి సగం మాయమయ్యేవి. అందుకని సరుకులు డబ్బాల్లో సర్దినట్టు సర్దాను. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంగ్లీషు మాటలకు చివర. ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి అయిదు అక్షరాలూ కలిసినవాళ్ళకు ఒక పేజీ. స్టంబుల్ అంటే నడుస్తూ తడబడటం, టంబుల్ అంటే దొర్లిపడటం, ఫంబుల్ అంటే చేత్తో తడుముకోవడం, మంబుల్ అంటే గొణగడం, గ్రంబుల్ అంటే సణగడం. ఆ ఇంట్లో ఒక్కరి పనీ తిన్నగా ఉండదు. హంబుల్ ఒక్కడే వినయస్థుడు, ఇల్లరికం వచ్చాడేమో. "ఇది పాఠమా, పెళ్ళి సంబంధమా అమ్మా?" అని మాస్టారు నవ్వారు. ఇప్పుడు ఆ పుస్తకాన్ని నాతోపాటు క్లాసుకొచ్చే లాండ్రీ ఆవిడా టైలరమ్మా వంతులేసుకుని తీసుకెళుతున్నారు.

వచ్చే నెల పరీక్ష. రాసేది ఒకటి, ముగ్గురి ముందు నిలబడి మాట్లాడేది ఒకటి. రెండూ గట్టెక్కితే, కొత్తగా చేరే ఆడవాళ్ళకు మొదటి పాఠాలు నన్నే చెప్పమన్నారు. నీకు తెలుసుగా, ఈ ఇంటి బయట నన్నొకరు వెతుక్కుంటూ వచ్చి పని అప్పజెప్పడం ఇదే మొదలు.

అయితే పది రోజులుగా నాన్న వరస మారింది.

"మోకాళ్ళు చూసుకోవే. ఈ వయసులో నీకెందుకీ తంటా?"

"ఈ వయసులో మీరు పళ్ళు కట్టించుకోలేదూ?"

"అది నోటికి అవసరం."

"ఇదీ నోటికేనండీ."

ఇక చెప్పకుండా ఆపుకున్న సంగతి. నీ కవరులో ఎప్పుడూ రెండు కాగితాలుంటాయి. నాకు తెలుగులో, నాన్నకు ఇంగ్లీషులో. నీ చిన్నప్పటి నుంచీ మీ ఇద్దరి రహస్యాలకు ఆ భాషే తాళం. గురువారం ఉతికే ముందు జేబులు చూస్తుంటే నాన్న చొక్కాలో నీ కాగితం దొరికింది. ఎప్పటిలా తీసి బల్ల మీద పెట్టెయ్యాలి. పెట్టలేదు. కూర్చుని చదివాను. గంటన్నర పట్టింది.

"అమ్మ ముగ్గురి ముందు స్టంబుల్ అవుతుంది, మంబుల్ చేస్తుంది, పదిమందిలో చిన్నబోతుంది. దరఖాస్తు ఇవ్వకముందే మోకాళ్ళ పేరు చెప్పి ఆపండి నాన్నా" అని రాశావు. మిగతా మాటలకు పుస్తకం తిరగేశాను గానీ, ఆ రెండింటికి అక్కర్లేకపోయింది.

కాగితం తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాను.

"చదివావా?"

"ఒక్క ముక్క వదలకుండా."

"అమ్మాయి నీ మంచికే రాసిందే."

"నా మంచిని నాకు తెలియని భాషలో రాయడమెందుకు?"



ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవడం తప్పు. చేశాను, ఒప్పుకుంటున్నాను. క్షమించమని మాత్రం అడగను. మర్నాడే దరఖాస్తు ఇచ్చేశాను, సంతకం ఇంగ్లీషులో పెట్టి. పరీక్ష పన్నెండో తారీఖు. తడబడతాను. గొణుగుతాను కూడా. చిన్నబోవడం ఒక్కటే నీ ఊహ.

ఈసారి కవరులో ఒక్క కాగితమే పెట్టు. ఇంగ్లీషులో, నా పేరు మీద. నాన్నకు నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ అమ్మ